రెండు గీతల మధ్య: ద్రవ ఉష్ణమాపకం తయారీ డైరీ

నవంబరు 24

మా పాఠశాల ప్రయోగశాల బీరువాలో పాదరసపు ఉష్ణమాపకాలు ఇక నాలుగే మిగిలాయి. నిరుడు ఒకటి చేయి జారి పగిలినప్పుడు, నేల మీద చిన్నచిన్న గుండ్లుగా పరుగెత్తిన పాదరసాన్ని గట్టి కాగితాలతో పోగుచేసి నీళ్లున్న సీసాలోకి ఎత్తి, కిటికీలన్నీ తెరిచి, ఆ పూటంతా తరగతిని చెట్టు కింద నడిపాను. పిల్లల చేతికి ఇక పాదరసం ఇవ్వకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయానికి ఈ సంవత్సరం ఒక రూపం ఇస్తున్నాము: తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురితో కలిసి, 0 నుంచి 60 డిగ్రీల వరకు ఒక డిగ్రీ తేడాలోపు నమ్మదగిన ద్రవ ఉష్ణమాపకాన్ని మా చేతులతో తయారుచేయాలి. గొట్టంలో రంగునీరు పైకి ఎక్కిందని చూపించి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. దాని పక్కన ఒక సంఖ్య రాసి, ఆ సంఖ్యకు మనం జవాబుదారీగా నిలబడడమే అసలు పని.

వేడి చేస్తే ద్రవం వ్యాకోచిస్తుందని ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కానీ ఎంత వ్యాకోచిస్తుందో లెక్క కట్టి చూస్తే గాని ఉష్ణమాపకానికి ఆ ఆకారం ఎందుకు వచ్చిందో బోధపడదు. లీటరు నీటిని 20 నుంచి 30 డిగ్రీలకు వేడిచేస్తే పెరిగేది సుమారు 2.6 మిల్లీలీటర్లు మాత్రమే. గ్లాసులో పోసి చూస్తే అది కంటికి ఆనదు. అందుకే ద్రవంలో చాలా భాగాన్ని ఒక బల్బులో బంధించి, పెరిగిన ఆ కాస్తకు పోవడానికి సన్నని దారి ఒక్కటే వదులుతారు. బల్బు ఘనపరిమాణాన్ని వ్యాకోచ గుణకంతో (ఒక డిగ్రీకి ద్రవం తనలో ఎన్నో వంతు పెరుగుతుందో చెప్పే సంఖ్యతో) గుణించి గొట్టం రంధ్రపు వైశాల్యంతో భాగిస్తే, ఒక్కో డిగ్రీకి ద్రవం ఎంత ఎక్కుతుందో వస్తుంది. ఈ ఒక్క లెక్కను నల్లబల్ల మీద రాసి, ప్రాజెక్టు పూర్తయ్యేదాకా చెరపవద్దని పిల్లలకు చెప్పాను.

నవంబరు 27

కోఠిలో ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణం నుంచి 40 సెంటీమీటర్ల గాజు గొట్టాలు మూడు తెచ్చాను. ఖాళీ బాల్‌పెన్ రీఫిల్లుతో పిల్లలు ఇదివరకు చేసిన నమూనా ఒకటి ఉంది గానీ, వేడినీటిలో ఆ రీఫిల్లు మెత్తబడి వంగిపోతుంది. దాని మీద గీసిన గీతకు విలువ లేదు. బల్బుగా రబ్బరు మూత ఉన్న ఇంజెక్షన్ సీసాను ఎంచుకున్నాము. మూత బిగించాక అందులో పట్టేది సరిగ్గా 10 మిల్లీలీటర్లు అని సిరంజితో కొలిచి రాసుకున్నాము.

గొట్టం రంధ్రం 2 మిల్లీమీటర్లని దుకాణంలో చెప్పారు. ఆ మాటను అలాగే తీసుకోకుండా పరీక్షించాము. 1 మిల్లీలీటరు సిరంజితో సరిగ్గా 0.3 మిల్లీలీటర్ల నీటిని గొట్టంలోకి ఎక్కించి, ఆ నీటి పోగు పొడవు కొలిస్తే 95 మిల్లీమీటర్లకు కొంచెం పైన వచ్చింది. 300 ఘన మిల్లీమీటర్లను ఆ పొడవుతో భాగిస్తే వైశాల్యం 3.14 చదరపు మిల్లీమీటర్లు, అంటే వ్యాసం 2 మిల్లీమీటర్లే. తరువాత గొట్టాన్ని మెల్లగా వంచుతూ అదే నీటి పోగును కింది కొన నుంచి పై కొన దాకా జరిపి, ఆగిన ప్రతిచోటా పొడవు కొలిచాము. రెండు గొట్టాలలో అది ఎక్కడా మారలేదు. మూడోదానిలో ఒక కొన దగ్గర 3 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే అక్కడ రంధ్రం ఇరుకుగా ఉంది. ఆ గొట్టాన్ని పక్కన పెట్టేశాము. కంటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఈ చిన్న పరీక్ష చేయకుంటే పై డిగ్రీలన్నీ తప్పుగా వచ్చేవి, తప్పు ఎక్కడుందో కూడా తెలిసేది కాదు.

డిసెంబరు 1

ముందుగా నీటితోనే మొదలుపెట్టాము. ఎర్రసిరా కలిపిన నీటిని సీసా అంచు దాకా నింపి, గొట్టం దూర్చిన రబ్బరు మూతను బిగించగానే నీరు గొట్టంలోకి నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కింది. మూత చుట్టూ ఎం-సీల్ పూసి ఆరనిచ్చాము.

మధ్యాహ్నం సీసాను 60 డిగ్రీల వేడినీటి గిన్నెలో ముంచినప్పుడు అందరం నీరు పైకి లేస్తుందని చూస్తుంటే, అది ముందు కిందికి దిగింది. కొలబద్ద మీద సుమారు ఒక మిల్లీమీటరు. "టీచర్, నీళ్లు తగ్గాయి, సీసా కారుతోంది" అని గొట్టం దగ్గర కూర్చున్న అమ్మాయి గాభరాగా లేవబోయింది. కదలవద్దని చెప్పి, కళ్లు దాని మీదే ఉంచమన్నాను. మూడు నాలుగు క్షణాలు గడిచేసరికి దిగడం ఆగింది. ఆ తరువాత మొదట నెమ్మదిగా, పిదప తొందరగా పైకి ఎక్కసాగింది.

కారడం కాదది. వేడి ముందు తాకేది గాజును. లోపలి నీటికి ఆ సంగతి చేరేలోపే సీసా తాను వ్యాకోచించి లోపలి చోటును కాస్త పెంచుకుంటుంది. చోటు పెరిగితే నీటి మట్టం దిగక తప్పదు. అప్పుడు నీరు వేడెక్కి, గాజుకంటే పదింతలకు పైగా వ్యాకోచించి, కోల్పోయిన ఎత్తును అందుకొని దాటిపోతుంది. కాబట్టి గొట్టంలో మనకు కనిపించేది ద్రవం వ్యాకోచం కాదు, ద్రవానికీ గాజుకూ మధ్య ఉన్న తేడా మాత్రమే. దృశ్య వ్యాకోచం, నిజ వ్యాకోచం అని పుస్తకంలో వేరువేరుగా నిర్వచనాలు రాయించే ముందు ఈ ఒక్క మిల్లీమీటరును పిల్లలకు చూపిస్తే ఆ రెండు మాటలూ వారికి జన్మలో మరుపు రావు. అదే అమ్మాయి చేత సీసాను చల్లార్చి ఇంకోసారి ముంచించాను. మళ్లీ అంతే దిగింది.

డిసెంబరు 3

నిన్నటి కొలతలన్నీ కొట్టివేశాను. చల్లారాక నీటి మట్టం మొదటి గీత దగ్గరికి రాకుండా 4 మిల్లీమీటర్లు పైనే ఆగిపోయింది. సీసాను వెలుతురుకు పెట్టి చూస్తే మెడ దగ్గర కందిగింజంత గాలి బుడగ ఉంది. కుళాయి నీటిలో కరిగి ఉన్న గాలి వేడికి బయటపడి అక్కడ చేరింది. ఆ బుడగ తాను ఆక్రమించిన చోటు ఒక ఎత్తు, అది చేసే అల్లరి మరొక ఎత్తు. గాలి డిగ్రీకి సుమారు మూడు వందలలో ఒక వంతు వ్యాకోచిస్తుంది కాబట్టి 0.1 మిల్లీలీటరు బుడగ పది డిగ్రీలకు మట్టాన్ని మరో మిల్లీమీటరు దాకా పైకి నెడుతుంది. నీటిని పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చి, సీసాను పక్కకు వంచి అంచు వెంబడి పోసి మళ్లీ బిగించాము.

డిసెంబరు 5

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన రోజు ఇది. దంచిన మంచు కలిపిన నీటి నుంచి మొదలుపెట్టి, గిన్నెలో వేడినీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ, పది డిగ్రీలకు ఒకసారి ఐదేసి నిమిషాలు ఆగి మట్టం గుర్తించాము. గిన్నెలోని ఉష్ణోగ్రతను పాదరసపు ఉష్ణమాపకంతో నేనే చూశాను.

0 నుంచి 10 డిగ్రీల వరకు నీటి మట్టం కదిలిందని చెప్పడానికే లేదు. ఇంకా నిశితంగా చూస్తే, వెంట్రుకవాసి దిగినట్టే ఉంది. 10 నుంచి 20కి 4 మిల్లీమీటర్లు ఎక్కింది. 20 నుంచి 30కి 8, ఆ తరువాతి పదికి 10, ఆపైన 13, చివరి పది డిగ్రీలకు 15. మొత్తం 50 మిల్లీమీటర్లు.

ఇప్పుడు పిల్లలను ఒక పని చేయమన్నాను. ఈ వివరాలన్నీ పక్కన పెట్టి, మంచు దగ్గర ఒక గీత, 60 డిగ్రీల దగ్గర ఒక గీత మాత్రమే ఉంచుకొని, ఆ రెండింటి మధ్య దూరాన్ని పుస్తకంలో చెప్పినట్టు సమాన భాగాలు చేయమన్నాను. అలా గీసిన కొలమానంతో 30 డిగ్రీల నీటిని కొలిస్తే మా ఉష్ణమాపకం చూపించినది 14 డిగ్రీలు. వేసవిలో నీడపట్టున ఉన్న గదిని మాఘమాసపు తెల్లవారుజాము అని చెప్పినంత తప్పు అది.

4 డిగ్రీల వరకు వేడిచేస్తే నీరు సంకోచిస్తుందనీ, ఆ తరువాతే వ్యాకోచిస్తుందనీ పిల్లలు చదువుకున్నారు. అయితే ఆ వింత 4 డిగ్రీల దగ్గరే ముగిసిపోతుందని వారు అనుకున్నారు. నిజానికి దాని నీడ చాలా దూరం పడుతుంది. నీటి వ్యాకోచ గుణకం 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 50 డిగ్రీల దగ్గర రెట్టింపును మించుతుంది. పైగా మా సీసాలో మట్టం అన్నిటికంటే దిగువకు చేరేది 4 దగ్గర కాదు, 5 దాటాక. ఎందుకంటే 4 దగ్గర నీటి వ్యాకోచం సున్నా అయినా గాజు మాత్రం వ్యాకోచిస్తూనే ఉంటుంది, ఆ రెండూ సమానమయ్యే చోటు ఇంకాస్త పైన ఉంది. నీరు అన్నిచోట్లా దొరుకుతున్నా ఉష్ణమాపకంలో దానిని ఎవరూ వాడరు. ఆ కారణం మా పిల్లల నోటుపుస్తకంలో ఐదు సంఖ్యలుగా ఉంది.

డిసెంబరు 9

ఇక ఆల్కహాలు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో బోర్డులు శుభ్రం చేయడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలు అర లీటరు దొరికింది. ఇది ఇట్టే అంటుకుంటుంది. కాబట్టి నీటిని పక్కగదిలో కాచి తేవడమే గాని, సీసా ఉన్న బల్ల దరిదాపుల్లో మంట ఉండకూడదన్నది నియమం. రంగు కోసం వైట్‌బోర్డు మార్కరులోని ఎర్రసిరా నాలుగు చుక్కలు కలిపాము. అది ఆల్కహాలులో చక్కగా కలిసిపోయింది.

లెక్క ముందే వేసుకున్నాము. ఈ ద్రవం డిగ్రీకి దాదాపు వెయ్యిలో ఒక వంతు వ్యాకోచిస్తుంది. 10 మిల్లీలీటర్లకు, 2 మిల్లీమీటర్ల గొట్టానికి డిగ్రీకి మూడు మిల్లీమీటర్లకు పైన రావాలి. 0 నుంచి 60కి 20 సెంటీమీటర్లు. గొట్టానికి అది సరిగ్గా సరిపోతుంది. నీటితో వచ్చిన 5 సెంటీమీటర్ల ముందు ఇది ఎంత విశాలమైన కొలమానమో!

సాయంత్రం ఒక ఇబ్బంది ఎదురైంది. తెరిచి ఉన్న గొట్టం కొన నుంచి ఆల్కహాలు ఆవిరైపోతోంది. రెండు గంటల్లో మట్టం 2 మిల్లీమీటర్లు దిగింది. 1654 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సులో అక్కడి పాలకుడు రెండవ ఫెర్డినాండో దె మెదీచి ఆల్కహాలు నింపిన గొట్టాన్ని పైన మూసి ముద్రవేయించడం ఉష్ణమాపకాల చరిత్రలో పెద్ద మలుపు. అంతకుముందు గాలి వ్యాకోచంతో పనిచేసిన తెరచిన గొట్టాలు వేడితోపాటు వాతావరణ పీడనానికి కూడా కదిలేవి. మేమూ గొట్టం పై కొనను ఎం-సీల్‌తో మూశాము. ద్రవం పైకి వచ్చినప్పుడు లోపలి గాలి నలిగిపోకుండా పైన 10 సెంటీమీటర్లు ఖాళీ వదిలాము.

డిసెంబరు 12

మంచు గుర్తు పెట్టడంలో చాలామంది చేసే తప్పు నేనూ ఒకప్పుడు చేశాను. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచుగడ్డల మధ్య సీసాను పొడిగా గుచ్చితే అది 0 డిగ్రీలు కాదు, ఆ గడ్డలు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. మంచును దంచి, నీళ్లు పోసి, మంచు కరుగుతూ నీటితో కలిసి ఉన్న స్థితికి వచ్చాకే 0 అని నమ్మాలి. కరుగుతున్నంతసేపూ ఆ ఉష్ణోగ్రత కదలదు.

పై గుర్తుకు మరుగుతున్న నీరు పనికిరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు 82 డిగ్రీలు దాటగానే తానే మరుగుతుంది. పైగా మా దగ్గర నీరు 100 దగ్గర మరగదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి, గాలి పీడనం తక్కువై నీరు 98 దాటీదాటకముందే మరుగుతుంది. పాదరసపు ఉష్ణమాపకంతో పిల్లలకు చూపించాను. 1742లో తన కొలమానాన్ని ప్రకటించిన ఆండర్స్ సెల్సియస్ ఈ సంగతిని గుర్తించి, మరిగే గుర్తుకు ఫలానా పీడనం అనే షరతు పెట్టాడు. ఆయన మరిగే నీటికి 0, కరిగే మంచుకు 100 అని పెట్టుకున్నాడనీ, దానిని తిరగేసింది తరువాతివారేననీ చెబితే పిల్లలు చాలాసేపు నమ్మలేదు.

కాబట్టి 60 డిగ్రీల నీటినే పై గుర్తుగా పెట్టాము. 0 నుంచి 30 వరకు ఆల్కహాలు 98 మిల్లీమీటర్లు, 30 నుంచి 60 వరకు 109 మిల్లీమీటర్లు ఎక్కింది. సమాన భాగాలు చేసిన కొలమానంతో చూస్తే 30 డిగ్రీల చోట ఇది సుమారు 28.4 చూపిస్తుంది. నీరు చేసిన పదహారు డిగ్రీల తప్పు పక్కన ఇది చిన్నదే గాని, మేము పెట్టుకున్న ఒక డిగ్రీ హద్దును దాటింది.

డిసెంబరు 15

ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఈ రోజంతా కేటాయించాను. "టీచర్, ఆల్కహాలు తప్పు చెబుతోందని మనకు పాదరసం చెప్పింది. పాదరసం ఒప్పు చెబుతోందని ఎవరు చెప్పారు?"

ఇంతకంటే మంచి ప్రశ్నను నేను ఈ తరగతిలో వినలేదు. రెండు గీతల మధ్య దూరాన్ని సమానంగా పంచడం అంటే, ద్రవం సమానంగా వ్యాకోచిస్తుందని ముందే ఒప్పుకోవడం. ఆ ఒప్పుదలను ఆ ద్రవంతోనే పరీక్షించలేము, మరో ద్రవంతో పరీక్షిస్తే ప్రశ్న ఆ రెండోదాని మీదికి పోతుంది. జెనీవాకు చెందిన శాస్త్రవేత్త దెలూక్ 18వ శతాబ్దంలో దీనికి ఒక దారి చూపాడు. వేడినీటినీ చన్నీటినీ తెలిసిన పాళ్లలో కలిపితే మిశ్రమం ఉష్ణోగ్రత ఎంత ఉండాలో లెక్కతోనే తెలుస్తుంది. ఏ ద్రవం ఆ లెక్కకు దగ్గరగా చూపిస్తే దానిని నమ్మాలి.

మేమూ అదే చేశాము. 0 డిగ్రీల నీరు 200 గ్రాములు (మంచు ముక్క ఒక్కటి కూడా రాకుండా వడగట్టి), 60 డిగ్రీల నీరు 200 గ్రాములు, ఒకే థర్మాకోల్ గ్లాసులో కలిపాము. రావలసినది 30. కాస్త వేడి గాలికీ గ్లాసుకూ పోతుంది కాబట్టి ఇంకొంచెం తగ్గవచ్చు. పాదరసం 29 చూపింది. ఆల్కహాలు సమాన భాగాల కొలమానం మీద 27.5, నీటి ఉష్ణమాపకం 13. నీటిని ఒక్కో డిగ్రీ వేడిచేయడానికి కావలసిన ఉష్ణం ఈ వ్యవధిలో ఒక శాతానికి మించి మారదు కాబట్టి ఈ సాక్ష్యాన్ని నమ్మవచ్చు. దెలూక్ కూడా తన కాలపు ద్రవాలన్నిటిలో పాదరసాన్నే ఎంచుకున్నాడు. అడిగిన అబ్బాయి చేతనే నల్లబల్ల మీద ఈ మూడు సంఖ్యలు రాయించాను.

డిసెంబరు 18

రెండు చిక్కులు, రెండూ వాడకంలోవి. మొదటిది, 60 డిగ్రీల నీటిలో సీసా మాత్రమే మునిగి ఉంటే గొట్టంలోని 20 సెంటీమీటర్ల ఆల్కహాలు బయటి గాలిలో చల్లగానే ఉంటుంది. పొడవాటి జాడీలో గొట్టాన్ని కూడా ఆల్కహాలు మట్టం దాకా ముంచి చూస్తే మట్టం ఇంకో 6 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు డిగ్రీలు ఎక్కింది. కొన్ని ప్రయోగశాల ఉష్ణమాపకాల మీద 76 మిల్లీమీటర్ల దగ్గర అడ్డంగా ఒక గీత ఉంటుంది. అది ఎంతవరకు ముంచాలో చెప్పే గీత. ఇన్నేళ్లూ నేను కూడా దానిని పెద్దగా పట్టించుకోలేదు. మా సీసా మెడ మీద ఎర్ర దారం కట్టి, అక్కడిదాకా ముంచినప్పుడే మా కొలత చెల్లుతుందని రాశాము.

రెండోది ఇంకా ముఖ్యమైనది. 50 డిగ్రీల నీరు 100 మిల్లీలీటర్లు ఉన్న గ్లాసులో మా సీసాను పెడితే గ్లాసులోని నీరే 48.5కి దిగిపోయింది. సీసా, అందులోని ఆల్కహాలు కలిసి ఆ వేడిని తాగేశాయి. కొలవడానికి వచ్చినది కొలవవలసినదానినే మార్చేస్తోంది. అందుకే అసలైన ఉష్ణమాపకాల బల్బు అంత చిన్నగా, గాజు అంత పలుచగా ఉంటుంది. బల్బు చిన్నదైతే వ్యాకోచమూ చిన్నదే కాబట్టి గొట్టం ఇంకా సన్నబడాలి. జ్వరమానినిని తీసుకుందాము. బల్బులో 0.1 మిల్లీలీటరు పాదరసం ఉందనుకొని, డిగ్రీకి 6 మిల్లీమీటర్లు ఎక్కాలంటే రంధ్రం వ్యాసం 0.06 మిల్లీమీటర్లు రావాలని పిల్లలు లెక్క తేల్చారు. అది తలవెంట్రుక మందం. ఇలాంటి సన్నని గొట్టానికి కేశనాళిక అన్న మాటను అన్నేళ్లుగా పలుకుతున్నా, అందులోని కేశం అక్షరాలా నిజమని ఆ లెక్క పూర్తయ్యాక గాని నాకు తట్టలేదు.

పాదరసం వ్యాకోచం ఆల్కహాలులో ఆరో వంతే. అయినా 1714లో ఫారన్‌హీట్ దానిని గొట్టంలో నింపింది మొదలు మూడు వందల ఏళ్లు అదే రాజ్యమేలడానికి కారణం ఈ సన్నని దారిలో దాని నడవడి. అది గాజును తడపదు, గోడకు అంటుకొని వెనకబడదు, వేడిని చప్పున అందుకుంటుంది, సమానంగా వ్యాకోచిస్తుంది. దాని విషం మాత్రం ఏ గుణానికీ లొంగేది కాదు. పాదరసపు సాధనాలను క్రమంగా మానుకోవాలని 2013లో దేశాలు చేసుకున్న ఒప్పందానికి, ఆ విషానికి బలైన జపాన్ పట్టణం మినమాత పేరే పెట్టారు.

డిసెంబరు 23

మధ్యలో ఒక రోజు ఆల్కహాలు తీగ తెగింది. వేడికి లేచిన ఆవిరి పైన చల్లటి గాజు మీద చుక్కలై నిలిచి, కింది మట్టం రెండు డిగ్రీలు తక్కువ చూపింది. సీసాను మంచులో పెట్టి, గొట్టం పైభాగాన్ని చేత్తో నిమురుతూ వెచ్చబెడితే చుక్కలు జారి కలిసిపోయాయి. స్పిరిట్ (ఆల్కహాలు) ఉష్ణమాపకం చదివే ముందు పైభాగాన్ని చూడడం ఇప్పుడు పిల్లలకు అలవాటైంది.

సమాన భాగాల కొలమానాన్ని వదిలేశాము. 0, 10, 20 ఇలా 60 దాకా ఏడు చోట్ల పాదరసంతో సరిచూసి, సీసాను మెడ మీది దారం దాకా ముంచి గుర్తులు పెట్టి, ప్రతి పది డిగ్రీల మధ్య మాత్రమే సమానంగా విభజించాము. గ్రాఫు కాగితం పట్టీ మీద గీతలు కింద దగ్గరగా, పైకి పోయేకొద్దీ ఎడంగా ఉన్నాయి. అందంగా గీయలేదని చూసినవారు అనుకోవచ్చు గానీ, ఆ ఎడం ఆల్కహాలుది.

ఈ రోజు ఉదయం ఏడు గంటలకు వరండాలో పాదరసం 16.5, మా ఉష్ణమాపకం 17. మధ్యాహ్నం రెండింటికి 28, 28.5. పాదరసపు ఉష్ణమాపకాలు నాలుగింటినీ దూది మధ్య పెట్టి, డబ్బా మీద పేరు రాసి, బీరువా పై అరలో పెట్టి తాళం వేశాను.